జపాన్‌లో బెల్టు సుషీ: ఇంటిల్లిపాదితో వెళ్తే ఏ హోటల్ మంచిది?

జపాన్ టూర్‌కి వెళ్లే కుటుంబాల్లో పిల్లలు ముందే అడిగి పెట్టుకునే వాటిలో బెల్టు మీద తిరిగే సుషీ ఒకటి (సుషీ అంటే చిన్న అన్నం ముద్ద మీద ఎక్కువగా పచ్చి చేప ముక్క పెట్టి ఇచ్చేది). ఎక్కడికి తీసుకెళ్లాలా అని పెద్దవాళ్లు వెతకడం మొదలుపెడితే "ఎక్కడ రుచి బాగుంటుంది" అన్న చర్చలే ఎక్కువ కనిపిస్తాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లు అక్కడ మొదలుపెట్టకూడదు. మీలో తిండి విషయంలో అందరికంటే ఇబ్బంది ఎవరికో ముందు చూడండి. పచ్చి చేప ముట్టని అత్తగారా, నాలుగేళ్ల పిల్లాడా, కడుపుతో ఉన్న కోడలా, ఉల్లి వెల్లుల్లి కూడా తినని తాతగారా? ఆ ఒక్కరికీ సరిపడే చోటు దొరికితే మిగతావాళ్లకి ఎలాగూ సరిపోతుంది. నలుగురూ చేప ఇష్టపడే పెద్దవాళ్లే అయితే లెక్క వేరు. అప్పుడు వేరే రకం హోటల్‌కి వెళ్లాలి, దాని సంగతి కింద చెప్పాం.

ఇంకో విషయం ముందే తెలియాలి. కైటెన్ సుషీ, అంటే తిరిగే సుషీ, అని పేరున్న ప్రతిచోటా ఇప్పుడు సుషీ తిరగదు. 2023 జనవరిలో ఒక పెద్ద చైన్ హోటల్లో ఓ కుర్రాడు సాస్ సీసా నాకి, బెల్టు మీద పోతున్న సుషీని ఎంగిలి వేలితో ముట్టుకున్న వీడియో జపాన్ అంతా పాకింది. ఆ తర్వాత చాలా చైన్లు సుషీని ఊరికే తిప్పడం మానేశాయి. ఇప్పుడు టచ్ స్క్రీన్ మీద ఆర్డర్ చేస్తే మీ ప్లేటు మాత్రమే బెల్టు మీద మీ టేబుల్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. తిండికి ఇది మంచి పద్ధతే, ఎప్పటికప్పుడు చేసింది వస్తుంది. కానీ వంద రకాల ప్లేట్లు కళ్ల ముందు ఊరేగుతాయని ఆశపడ్డ పిల్లలు నీరుగారిపోతారు.

నిజంగా తిరగాలంటే: కురా సుషీ

చిన్నపిల్లలున్న కుటుంబానికి మా మొదటి సలహా కురా సుషీ. పెద్ద చైన్లలో ఇప్పటికీ సుషీని తిప్పుతూ, ఆ పద్ధతినే తన గుర్తుగా నిలబెట్టుకున్నది ఇదే. ప్రతి ప్లేటు మీదా పారదర్శకమైన మూత ఉంటుంది. ఆ మూతను చేత్తో తెరవకూడదు. ప్లేటు అంచు పట్టుకుని కొంచెం పైకి లేపితే మూత దానంతటదే తెరుచుకుంటుంది. మూత పట్టి లాగబోతే బెల్టు ముందుకి పోతూనే ఉంటుంది, ప్లేటు చేజారుతుంది. పిల్లలకు ఇది ఒకసారి చేసి చూపిస్తే చాలు.

తిన్న ప్లేట్లను టేబుల్ పక్కనున్న సందులో వేయాలి. యంత్రం లెక్కపెట్టుకుంటుంది. ప్రతి 5 ప్లేట్లకీ స్క్రీన్ మీద చిన్న ఆట వస్తుంది, గెలిస్తే పైనున్న పెట్టెలోంచి బొమ్మ ఉన్న గుండ్రటి డబ్బా పడుతుంది. దీన్ని బిక్కురా పోన్ అంటారు. గెలవడం ప్రతిసారీ జరగదు. నూడుల్స్ గిన్నెలు, చిప్స్, ఐస్‌క్రీమ్ ఆ సందులో పట్టవు కాబట్టి ఎన్ని తిన్నా ఆట రాదు. "ఇంకో రెండు ప్లేట్లు తింటే ఆట వస్తుంది" అని పిల్లలు కడుపు నిండాక కూడా తెప్పించి వదిలేయడం ఇక్కడ మామూలే. కూర్చోగానే మొత్తం ఎన్ని ప్లేట్లో మాట అనేసుకోండి. 20 ప్లేట్లంటే 4 ఆటలు, అంతే.

టోక్యోలో అసకుసా, హరజుకు, ఒసాకాలో దోతోంబోరి దగ్గరున్న కురా శాఖలు పర్యాటకుల కోసమే పెద్దగా, అలంకారంగా కట్టినవి. చూడ్డానికి బాగుంటాయి, జనమూ అలాగే ఉంటారు. అదే హోటల్ ఊరికి కాస్త దూరంగా ఉన్న స్టేషన్ దగ్గరైతే ధర తక్కువ, నిరీక్షణ తక్కువ, మెనూ దాదాపు అదే. బస ఎక్కడుందో చూసుకుని దాని చుట్టుపక్కల శాఖే ఎంచుకోండి.

చేపకి సుషిరో, పొదుపుకి హమా, వేగానికి ఉఒబెయ్

అమ్మకాల్లో జపాన్ మొత్తానికి ముందున్నది ఒసాకాలో పుట్టిన సుషిరో. ఈ ధరల్లో చేప ముక్క మందం, ట్యూనా నాణ్యత చూస్తే మా ఓటు దీనికే. చేప బాగా తినే టీనేజ్ పిల్లలుంటే కురా కంటే ఇది నయం. ఇక్కడ సుషీ ఊరికే తిరగడం దాదాపు లేదు. కొన్ని శాఖల్లో టేబుల్ పక్కన పెద్ద తెర పెట్టి, సుషీ బొమ్మలు బెల్టులా కదిలేట్టు చూపిస్తున్నారు. వేలితో తాకితే ఆర్డర్ వెళ్తుంది. దాన్ని డిజిరో అంటారు.

హమా సుషీ చవక. సోయా సాస్‌లు నాలుగైదు రకాలు టేబుల్ మీదే ఉంటాయి, రామెన్ నూడుల్స్ లాంటి వేడి వంటకాలు కూడా ఎక్కువ. అయితే శాఖలు ఎక్కువగా కార్లలో వచ్చేవాళ్ల కోసం ఊరి అంచుల్లో ఉంటాయి. కారు అద్దెకు తీసుకుని హొక్కైడో, క్యూషూ దీవులు తిరిగేవాళ్లకి ఇది చాలా వీలు, టోక్యో నగరంలోని షింజుకులో బస చేసినవాళ్లకి అంత వీలు కాదు.

టోక్యో షిబుయాలోని ఉఒబెయ్ పేరు వీడియోల వల్ల బాగా తెలిసింది. ఒకదాని మీద ఒకటి మూడు వరసల పట్టాలు, వాటి మీద ప్లేట్లు దూసుకొచ్చి సరిగ్గా మీ ముందు ఆగుతాయి. అరగంటలో తిని బయటపడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ సీట్లు ఎక్కువగా కౌంటర్ వరసలే. అంటే కుటుంబం ఎదురెదురుగా కూర్చోదు, బస్సు స్టాపులో నిలబడ్డట్టు ఒకే వరసలో ఉంటుంది. చివర కూర్చున్న పెద్దాయనకి స్క్రీన్ వాడడం రాకపోతే మధ్యలో ఉన్నవాళ్లు తింటూ తింటూ ఆయన ఆర్డర్లు కూడా చూడాలి. ఇద్దరు ముగ్గురికి పరవాలేదు, ఆరుగురికి వద్దు.

అందరూ చేప తినేవాళ్లయితే: గోర్మే కైటెన్

ఇది వేరే తరగతి. ఎదురుగా నిలబడ్డ వంటవాళ్లు చేత్తో సుషీ చుట్టి ఇస్తారు. ప్లేటు రంగును బట్టి ధర. హొక్కైడోలోని నెమురోలో మొదలైన నెమురో హనమారు సప్పోరో స్టేషన్ దగ్గర, టోక్యో స్టేషన్ పక్కన కిట్టె భవనంలో ఉంది. హొక్కైడోకే చెందిన తోరితోన్ టోక్యో స్కైట్రీ కింద సోరమాచిలో ఉంది, చేప ముక్క అన్నం ముద్దని దాటి వేలాడేంత పెద్దగా ఉంటుంది. కనజావా వెళ్లేవాళ్లయితే ఒమిచో మార్కెట్లోని మోరిమోరి సుషీ చూడాలి. జపాన్ సముద్రంలో దొరికే నోదొగురో చేప, తియ్యగా ఉండే చిన్న పచ్చి రొయ్యలు, చలికాలంలో పీత అక్కడ తినాల్సినవి.

రుచిలో చైన్లకీ వీటికీ పోలిక లేదు, ఆ మాట గట్టిగానే చెబుతాం. కాకినాడలోనో భీమవరంలోనో తాజా చేప ఎరిగినవాళ్లకి తేడా మొదటి ముద్దకే తెలుస్తుంది. కానీ నిరీక్షణ ఎక్కువ. కిట్టె శాఖలో గంట దాటడం మామూలే. ఐదారుగురు పక్కపక్కన దొరకడం కష్టం, పిల్లల మెనూ చిన్నది. ఇంకొకటి, ఇక్కడ వంటవాళ్లు చేపకీ అన్నానికీ మధ్య వసాబి (ముక్కుకి ఎక్కే ఘాటున్న ఆకుపచ్చ ముద్ద) పెట్టి ఇస్తారు. పిల్లలకి, వసాబి ఘాటు పడనివాళ్లకి "సాబి నుకి" అని ఆర్డర్ చేసేటప్పుడే చెప్పాలి. పెద్ద చైన్లలో ఈ బెడద లేదు. అన్నీ వసాబి లేకుండానే వస్తాయి, కావలసినవాళ్లు చిన్న ప్యాకెట్ తెచ్చుకుంటారు.

టచ్ స్క్రీన్ లేని పాతకాలపు పద్ధతి చూడాలనుకుంటే ఒసాకాలో గెన్రోకు ఉంది. షిరైషి యోషియాకి అనే ఆయన బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద కదలడం చూసి, 1958లో ఒసాకా పక్కన ఫుసేలో మొట్టమొదటి తిరిగే సుషీ హోటల్ పెట్టారు. ఆ పేరే ఇది.

శాకాహారులు ఉంటే

శాకాహారులకి కూడా బోలెడు దొరుకుతాయని కొన్ని టూర్ సలహాల్లో రాస్తారు. అది నిజం కాదు. అసలు చిక్కు చేప ముక్కలతో కాదు, దాషితో. దాషి అంటే ఎండబెట్టిన కత్సువో చేప తురుము, సముద్రపు నాచు నీళ్లలో మరిగించి తీసిన రసం. మనం తాలింపు వేసినంత మామూలుగా వాళ్లు దీన్ని ప్రతిదాంట్లో పోస్తారు. పైకి కూరగాయలా కనిపించే వాటిలోనూ ఉంటుంది.

ఇనారి అంటే వేయించిన టోఫూ సంచిలో అన్నం. ఆ టోఫూని దాషిలోనే ఉడికిస్తారు. గుడ్డు సుషీలో దాషి ఉంటుంది కాబట్టి గుడ్డు తినే శాకాహారులు కూడా ఆగి ఆలోచించాలి. మిసో సూప్, ఉదోన్ నూడుల్స్ పులుసు, గిన్నెలో గుడ్డు ఆవిరి మీద ఉడికించి చేసే చవన్‌ముషి, వీటన్నిటికీ మూలం దాషే. చవన్‌ముషిలో అడుగున రొయ్య కూడా ఉంటుంది. కన్‌ప్యో మాకిలో (మాకి అంటే నాచులో చుట్టిన అన్నం) ఉండేది మన ఆనపకాయే, పొడవుగా కోసి ఎండబెట్టి సోయా, చక్కెరలో ఉడికించింది. బయట తయారై వచ్చేవాటిలో దాషి కలవడం మామూలు. నాత్తో చుట్టలో ఉండేవి పులియబెట్టిన సోయా గింజలే అయినా దాని సాస్‌లో చేప రసం ఉంటుంది. మొక్కజొన్న సుషీ మీద మయొనైజ్, అందులో గుడ్డు. టేబుల్ మీద ఉండే సోయా సాస్‌లలో దాషి షోయు అని ఒకటి ఉంటుంది, అది వదిలి మామూలుది వాడుకోవాలి.

ఇక మిగిలేవి దోసకాయతో చేసే కప్పా మాకి, ఉడికించిన ఎడమామే (పచ్చి సోయా కాయలు), బంగాళాదుంప చిప్స్ (నూనె రొయ్యలకీ వీటికీ ఒకటే కావచ్చు), పళ్లు, ఐస్‌క్రీమ్. ఇవి ఒక పూట భోజనం కావు, పిల్లలతో కూర్చున్నంతసేపూ తినే చిరుతిండి. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లుంటే ముందే ఇండియన్ హోటల్లో భోంచేయించి, సాయంత్రం నాలుగింటికి వాళ్లని పళ్లూ టీకి కూర్చోబెట్టడమే మర్యాద. పులిహోర డబ్బా, ఆవకాయ సీసా తెచ్చి టేబుల్ మీద తెరవడం అక్కడ కుదరదు. బయటి తిండి ఒప్పుకోరు, పసిపిల్లల ఆహారానికి మాత్రమే మినహాయింపు.

అలర్జీ పట్టిక గురించి ఒక హెచ్చరిక. పెద్ద చైన్లన్నీ తమ సైట్లలో అలర్జీ కలిగించే పదార్థాల పట్టిక పెడతాయి. గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత, వేరుశనగ, వాల్‌నట్, బక్‌వీట్ వంటివన్నీ అందులో ఉంటాయి. చేపల్లో సాల్మన్, మాకెరెల్ ఉన్నాయి కానీ దాషికి వాడే కత్సువో లేదు. పట్టికలో గుర్తులేమీ లేవంటే శాకాహారం అని అర్థం కాదు. అయితే గొడ్డు మాంసం, పంది మాంసం, కోడి, జెలటిన్ ఆ పట్టికలోనే ఉన్నాయి. ఇవి తినని ఇళ్లవాళ్లకి ఆ పట్టిక నిజంగా పనికొస్తుంది. సుషీ హోటల్లో గొడ్డు మాంసం ఎక్కడిదనుకోకండి. కల్బి (కాల్చిన గొడ్డు మాంసం), రోస్ట్ బీఫ్, హాంబర్గ్ (కొట్టిన మాంసంతో చేసిన ముద్ద) అని అన్నం ముద్ద మీద పెట్టి ఇస్తారు. ముఖ్యంగా హాంబర్గ్ పిల్లల ప్లేట్లలో ముందు కనిపిస్తుంది, అందులో గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి ఉండడం మామూలే. హలాల్ పాటించేవాళ్లు సాస్‌లలో కలిసే మిరిన్, సాకే అనే బియ్యపు మద్యాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చేప తింటారు గానీ పచ్చిది వద్దనే వాళ్లకి మాత్రం ఈ చైన్లు పండగే. ఉడికించిన రొయ్య, ఉనాగి, అనాగో (రెండూ పాములా పొడవుండే ఈల్ చేపలు, వండి ఇస్తారు), పిండిలో ముంచి వేయించిన రొయ్య టెంపురా పెట్టిన సుషీ, వేయించిన కోడి, వేడి ఉదోన్, అన్నీ ఉంటాయి. "అబురి" అన్నవి మంటతో పైపైన కాల్చినవి, లోపల పచ్చిగానే ఉంటాయి.

చిన్నపిల్లలు, గర్భిణులు

జపాన్ ఇళ్లలోనే పిల్లలకి పచ్చి చేప సాధారణంగా మూడేళ్లు దాటాక మొదలుపెడతారు. తొందరేం లేదు. గుడ్డు, మొక్కజొన్న, ఉదోన్, చిప్స్‌తో వాళ్ల పూట గడిచిపోతుంది. నాచు చుట్టలు చిన్న నోళ్లలో అంగిలికి అతుక్కుంటాయి, ముక్కలు చేసి ఇవ్వండి.

పచ్చి చేపలో ఉండే అనిసాకిస్ అనే పురుగు మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టిస్తే చస్తుంది. చైన్లలో చేప ఎక్కువగా గడ్డకట్టించి తెచ్చిందే. వెనిగర్‌లో ఊరబెట్టిన మాకెరెల్ విషయంలో మాత్రం పులుపు వల్ల పురుగు చస్తుందనుకోవడం పొరపాటు, చావదు. గర్భిణులు వండినవాటికే పరిమితం కావడం మంచిది. పెద్ద ట్యూనా రకాలను పాదరసం కారణంగా మితంగా తినమని జపాన్ ఆరోగ్య శాఖే గర్భిణులకు చెబుతుంది.

ఎప్పుడు వెళ్లాలి, టోకెన్ ఎలా

ఏ హోటల్ అన్నదానికంటే ఏ టైమ్ అన్నదే ఆ పూటని ఎక్కువ నిర్ణయిస్తుంది. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం 12 నుంచి 1:30, సాయంత్రం 5:30 నుంచి 8 మధ్య గంటకు పైగా కూర్చోవాల్సి రావచ్చు. హోటల్ తెరిచే వేళకి, లేదా మధ్యాహ్నం 2:30 నుంచి 4:30 మధ్య వెళ్తే చైన్లలో తరచూ వెంటనే టేబుల్ దొరుకుతుంది. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం వరకు, ఆగస్టు నడిమి, కొత్త సంవత్సరం సెలవుల్లో ఈ లెక్క పనిచేయదు.

గుమ్మం దగ్గర యంత్రం ఉంటుంది. భాష మార్చుకుని, పెద్దవాళ్లెందరు, పిల్లలెందరు, టేబులా, కౌంటరా, ఏదైనా పరవాలేదా అని నొక్కితే నంబరున్న చీటీ వస్తుంది. పిల్లలుంటే టేబుల్ అనే నొక్కండి. "ఏదైనా" అన్నది త్వరగా దొరుకుతుందని నొక్కితే కౌంటర్ మీద పడతారు. నంబర్లు జపనీస్‌లో పిలుస్తారు, చెవుల మీద ఆధారపడకుండా తెర మీద చూడండి. పిలిచినప్పుడు లేకపోతే చీటీ రద్దయ్యో, వెనక్కి జరిగో పోతుంది. యాప్‌లో ముందే బుక్ చేసుకునే వీలుంది గానీ కొన్ని జపాన్ ఫోన్ నంబరే అడుగుతాయి. పొద్దున్నే ఒకసారి ప్రయత్నించి చూడండి.

టేబుల్ దగ్గర

బాక్స్ టేబుల్‌కి మామూలుగా నలుగురు, సర్దుకుంటే ఆరుగురు. బెల్టు పక్కన రెండు వైపులా పెద్దవాళ్లో, చెప్పిన మాట వినే వయసు పిల్లలో కూర్చోవాలి. దీనికి కారణం ప్లేట్లే కాదు. టీ కోసం వేడినీళ్ల కుళాయి సరిగ్గా అక్కడే ఉంటుంది. నల్లటి మీటకి కప్పు ఆనించి నొక్కితే మరిగే వేడికి దగ్గరగా ఉన్న నీళ్లు వస్తాయి. చేతులు కడుక్కునేదనుకుని చెయ్యి పెట్టి కాల్చుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. పక్కనే డబ్బాలో ఉండే ఆకుపచ్చ పొడి టీ పొడి, వసాబి కాదు. కప్పుకి అర చెంచా చాలు.

బెల్టు మీంచి ఒకసారి ముట్టుకున్న ప్లేటు మీదే. వెనక్కి పెట్టకూడదు. వేరేవాళ్లు ఆర్డర్ చేసిన ప్లేట్లు తిరిగే బెల్టు మీదే వస్తుంటే వాటి కింద వేరే రంగు పీట ఉంటుంది, అవి తీయకూడదు. ఆర్డర్ల కోసం పైన విడిగా పట్టా ఉన్నచోట దాని మీద మీ ఆర్డర్ వచ్చినప్పుడు స్క్రీన్ మోగుతుంది. బండి ఆకారంలో ఉన్న ట్రే వస్తే ప్లేట్లన్నీ తీసి బటన్ నొక్కితేనే అది వెనక్కి పోతుంది. నొక్కడం మరిచిపోతే తర్వాతి ఆర్డర్ రాదు.

ఒకేసారి పది ప్లేట్లు చెప్పకండి. అన్నం ఆరిపోతుంది, నాచు మెత్తబడి సాగుతుంది. నలుగురికి ఒక్కో విడతకి నాలుగు చాలు. ఉదోన్ లాంటివి మొదటి విడతలోనే చెప్పండి, అవి వచ్చేసరికి కొంత సమయం పడుతుంది, ఈలోగా పిల్లలు ఆకలికి ఏడవకుండా చిప్స్ వస్తాయి.

ఎంతవుతుంది

చైన్లలో చవక ప్లేటు సుమారు 110 నుంచి 150 యెన్ల మధ్య, నగరం నడిబొడ్డున ఇంకాస్త ఎక్కువ. ప్లేటుకి మామూలుగా రెండు ముక్కలు, ఖరీదైన రకాల్లో ఒక్కటే ఉండొచ్చు, బొమ్మ చూసి నొక్కండి. పెద్దవాళ్లు ఇద్దరు తలా 8, పిల్లలు ఇద్దరు తలా 4 తింటే 24 ప్లేట్లు. సగటున 160 చొప్పున 3,840 యెన్లు. రెండు ఉదోన్‌లు, చిప్స్, రెండు ఐస్‌క్రీమ్‌లకి ఇంకో 1,500 వేసుకుంటే 5,300 చిల్లర. యెన్‌కి 58 పైసల లెక్కన 3,100 రూపాయలు. గోర్మే కైటెన్‌లో అదే 24 ప్లేట్లు సగటున 350 అనుకున్నా 8,400 యెన్లు, చేప మీద ప్రేమున్నవాళ్లు అక్కడ ఆగరు.

తినడం అయ్యాక స్క్రీన్ మీద బిల్లు బటన్ నొక్కితే సిబ్బంది వచ్చి ప్లేట్లు లెక్కపెడతారు, లేదా యంత్రమే లెక్క చూపిస్తుంది. టేబుల్ నంబరు బిళ్ల తీసుకుని గుమ్మం దగ్గర కట్టాలి. పెద్ద చైన్లలో వీసా, మాస్టర్‌కార్డ్ నడుస్తాయి. చిన్న ఊళ్ల హోటళ్లకి నగదు పట్టుకెళ్లండి. టిప్ ఇవ్వక్కర్లేదు, ఇస్తే వెనక్కి ఇచ్చేస్తారు. టేబుల్ మీద మిగిలిపోయిన పచ్చి సుషీని కట్టించుకుని హోటల్ గదికి తీసుకెళ్లడం అక్కడ ఒప్పుకోరు. గదిలో ఉన్నవాళ్ల కోసం కావాలంటే పార్శిల్‌గా విడిగా ఆర్డర్ ఇచ్చి, అదే రోజు, వీలైనంత త్వరగా తినేయాలి.